కింది గొంతు

నేను వంటింట్లో పాట సాధన చేస్తుంటే మా అత్త చిన్నమ్మి పెరట్లోంచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“జొరం లేదు. మరేటే ఆ మూలుగు?”

“మూలుగు కాదత్తా, పాట.”

“పాటైతే పైకెళ్తాది, కిందకొస్తాది. నువ్వు ఒక్కకాడే నిలబడిపోనావు. సిగ్నలివ్వలేదేటి?”

అన్నం తింటున్న నా మరిది ప్రవీణ్‌కి నవ్వుతో పొలమారింది. అత్త వాడి నెత్తి మీద తట్టి మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది.

ఆమె అన్నదాంట్లో తప్పులేదు. నేను పాడుతున్నది ఆల్టో. నాలుగు రకాల గొంతులు నాలుగు దారుల్లో నడిస్తే ఆ పాట అవుతుంది. అందరికీ గుర్తుండే వరస పై గొంతు వాళ్ళది. ఆల్టో దాని కింద నడుస్తుంది. కొన్నిచోట్ల వరసగా రెండు పంక్తులు ఒకే స్వరం మీద నిలబడాలి. విడిగా వింటే అందులో పాట కనబడదు. మా ఇళ్ళలో పదిమంది పాడితే పదిమందీ ఒకే వరస పాడతారు. వేరేగా పాడినవాళ్ళు తప్పు పాడినట్టు. అందుకే దసరా వెళ్ళిన కొద్ది రోజులకి, జయప్రకాష్ పెళ్ళానికి గొంతు పోయిందట అని మా రైల్వే కాలనీలో ఒక మాట బయల్దేరింది.

జయప్రకాష్ మా ఆయన. గూడ్సు బళ్ళ మీద గార్డు. ఆ ఉద్యోగానికి ఇప్పుడు వేరే పేరు పెట్టారు గానీ కాలనీలో గార్డనే అంటారు. కోర్బా వైపు బొగ్గు బండి ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రవీణ్ బీకాం చదివి, పరీక్షలు రాసి, చివరికి ఊరి చివర మోప్కాలో, షామియానాలు అద్దెకిచ్చే రాజేంద్ర భయ్యా టెంట్ హౌస్‌లో మైకులు, లైట్లు కట్టే పనిలో కుదిరాడు. మా మామగారు శ్రీకాకుళం పక్క నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి రైల్వేలోనే ఫిట్టరుగా చేసి పోయాడు. ఆయన పోయినప్పుడు టెంటు, కుర్చీలు అడక్కుండానే దింపించింది రాజేంద్ర భయ్యానే.

నన్ను పాటలోకి దింపింది ఝాన్సీ. రైల్వే ఆసుపత్రిలో నర్సు. సెప్టెంబరులో ఉద్యోగుల కుటుంబాలకి పోటీలు పెట్టారు. నోటీసులో హిందీలో సమూహ్ గాన్, అంటే బృందగానం, అని రాశారు. మా లైను ఆడవాళ్ళకి నేర్పే పని ఝాన్సీ నెత్తినేసుకుంది. మాకు బహుమతి రాలేదు. తర్వాత ఝాన్సీ నడిపే తెలుగు చర్చి క్వయర్‌లో ఆల్టో పాడే సౌభాగ్య భర్తకి రాయ్‌గఢ్ బదిలీ అయ్యింది. ఝాన్సీ మా గుమ్మంలోకి వచ్చి అత్తనే అడిగింది.

“పెద్దమ్మా, క్రిస్మస్ దాకా మీ కోడల్ని అప్పియ్యండి. ప్రార్థనలకి పిలవను. పాటకే.”

“అక్కడేటి చెయ్యాల?”

“క్వయర్‌లో పాడాలి.”

“అంటే?”

“అందరూ కలిసి పాడటం.”

“వంత,” అంది అత్త. ఆమె చిన్నప్పుడు ఊళ్ళో బుర్రకథ చెప్పేవాడి పక్కన ఇద్దరు నిలబడి తందాన తాన అనేవారు. వాళ్ళని వంత అంటారు. “వంతేగా. పోనీ. ఇంట్లో కూకొని సీరియళ్ళు చూసే కంటే నయం.”

చర్చిలో ప్రసంగం చేసే చోటికి పక్కన మెట్టు ఎత్తులో మూడు బెంచీలు ఉంటాయి. వాటినీ క్వయర్ అనే అంటారు. మొదటిరోజు ఝాన్సీ “క్వయర్‌లోకి పద” అంటే నేను కింద నిలబడ్డ పాడేవాళ్ళ మధ్యకి వెళ్ళాను. ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రార్థన జరిగినంతసేపూ వరండాలో కూర్చునేదాన్ని. పాట మొదలైతే లోపలికి వెళ్ళి మూడో బెంచీ చివర నిలబడేదాన్ని. ఇంకెవరూ ఆల్టో లేరు. అక్కడి కుర్రాళ్ళకి తెలుగు చదవడం రాదు. ఝాన్సీ ఒక్కో పంక్తీ చెప్పి అనిపించేది. ఒక్కో గొంతుకీ విడిగా నేర్పేది. పై వరస వినబడితే అటు జారిపోతామని, ఒక చెవి వేలితో మూసుకోమనేది.

“జారావు,” అనేది. “ప్రసూనా, మళ్ళీ జారావు. వాళ్ళు ఎటుపోతే నీకేటి? నీ దారి నువ్వు పట్టుకో.”

డిసెంబరు వచ్చేదాకా నేను జారుతూనే ఉన్నాను. ఒక సాయంత్రం నాలుగు గొంతుల్నీ మొదటిసారి కలిపింది. “చలిలో వెలిగిన దీపమా, మా గుమ్మం ముందర నిలుమా” అని ఆ పాట. ఇంట్లో మూలుగైన వరస అక్కడ పై గొంతుకి ఆనుకుని నిలబడింది. పాట అయ్యింది. ఝాన్సీ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి అంది.

ఆ వారమే రాజేంద్ర భయ్యా మా క్వార్టర్‌కి వచ్చాడు. అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కుర్చీ వేస్తే వద్దని మంచం పట్టె మీద కూర్చున్నాడు. ప్రవీణ్ గోడ దగ్గర నిలబడ్డాడు. మా ఆయన ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. మాటలన్నీ హిందీలోనే జరిగాయి.

“భాభీ, మీరు పాడితే మాకు సంతోషం. కానీ అక్కడెందుకు?”

“ఇంకెక్కడ పాడను?”

“మన రామమందిరం ఉంది కదా. శనివారం భజన.”

“అక్కడ మైకు మగవాళ్ళ దగ్గర ఉంటుంది భయ్యా.”

అతను నవ్వాడు. “మైకు నాది. ఎవరి ముందు పెట్టమంటే వాళ్ళ ముందు పెడతాను.” టీ తాగి గ్లాసు తనే వంటింటి గుమ్మంలో పెట్టాడు. వెళ్ళేముందు మా ఆయనతో అన్నాడు. “అన్నా, బయట కుర్రాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇన్నాళ్ళూ నేను ఆపాను. రేపు నా మాట వింటారో లేదో.”

అతను వెళ్ళాక మా ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

“ఆ పాట మానీ.”

“క్రిస్మస్ రెండు వారాలే. ఆల్టో నేనొక్కదాన్నే.”

“ఐతే? నువ్వు పాడకపోతే వాళ్ళ దేవుడు పుట్టడేటి?”

అత్త నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ప్రవీణ్ నవ్వలేదు.

“వదినా, నీకు సమజ్ కావట్లేదు,” అన్నాడు. “దుకాణంలో నన్ను ఏమంటున్నారో తెలుసా? నీ భాభీ ఎప్పుడు పేరు మార్చుకుంటోంది, దావత్ ఎప్పుడు అని.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? తల వంచుకుని వైరు చుట్టాను.”

శనివారం మా ఆయన కోర్బా డ్యూటీకి వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను శాలువా కప్పుకుంటుంటే ప్రవీణ్ గుమ్మానికి అడ్డంగా స్కూటర్ పెట్టి టైరు చూస్తున్నాడు.

“ఆజ్ మత్ జావ్ వదినా. ఈ ఒక్కరోజు వెళ్ళకు.”

“ఎందుకు?”

“ఊరికే. చలిగా ఉంది.”

“రోజూ ఉన్న చలే కదరా. స్కూటర్ తియ్యి.”

తీశాడు. ఏం జరగబోతోందో అప్పటికే వాడికి తెలుసని నాకు తర్వాత అర్థమైంది.

చర్చిలో మేం రెండో చరణంలో ఉండగా బయట నినాదాలు మొదలయ్యాయి. ఎవరో తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టారు. పై గొంతు పాడే ఆడపిల్లలు పాట ఆపి ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఝాన్సీ చెయ్యి దించలేదు. చరణం అయ్యేదాకా కొట్టిన తాళం కొడుతూనే ఉంది. మిగిలిన గొంతులతో చరణం పూర్తిచేశాం. తర్వాత ఆమె కూర్చుంది. “కిటికీలు వెయ్యండి. ఎవరూ బదులు చెప్పకండి,” అంది. బరువు గొంతుతో బేసు పాడే రిటైర్డు డ్రైవరు లేచి కిటికీలు మూశాడు. లోపల పాడేవాళ్ళం, బయట అరిచేవాళ్ళు. అరుపులూ ఒకడు అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. చాలాసేపు అలా కూర్చున్నాం.

గొళ్ళెం తీసింది పోలీసులు. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. మంచినీళ్ళడిగి తాగాడు. ఒక్కొక్కరినీ పేరు, ఇంటి నంబరు, మతం అడుగుతూ వచ్చాడు. రాజేంద్ర భయ్యా గుమ్మం దాటకుండా నిలబడ్డాడు. అతని వెనక కుర్రాళ్ళు. వాళ్ళ వెనక హెల్మెట్ చేత్తో పట్టుకుని ప్రవీణ్.

నా వంతు వచ్చింది.

“హిందువేనా?”

“అవును.”

“చూశారా సాబ్,” అన్నాడు రాజేంద్ర భయ్యా. గట్టిగా అనలేదు.

“ఎప్పటి నుంచి వస్తున్నారు?”

“దసరా అయినప్పటి నుంచి.”

“ఏమిచ్చారు మీకు?”

“టీ. ఒక్కోరోజు సమోసా.”

కానిస్టేబుల్ నవ్వి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి మానేశాడు.

“ప్రార్థన చేయించారా?”

“వాళ్ళు చేసుకుంటారు. నేను వరండాలో కూర్చుంటాను. పాటకే వస్తాను.”

“అయితే ఒకసారి పాడండి. పాటో, ప్రార్థనో వింటే తెలుస్తుంది. నా పని కూడా తేలికవుతుంది.”

ఝాన్సీ లేచి అందరికీ చెయ్యెత్తింది. ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు.

“ఆమె ఒక్కరే.”

నాకు పై వరస తెలుసు. దాన్ని పాడితే సరిపోయేది. అది ఎవరు విన్నా పాటే. కానీ అటు జారకూడదని రెండు నెలలు చెవి మూసుకుని నేర్చుకున్నదాన్ని. నోరు తెరిస్తే నా వరసే వచ్చింది. చలిలో వెలిగిన దీపమా. ఒకే స్వరం. మా గుమ్మం ముందర. అదే స్వరం. నిలుమా దగ్గర సగం మెట్టు దిగి మళ్ళీ అక్కడికే. పక్కన ఏ గొంతూ లేకపోయేసరికి అది నాకే కొత్తగా వినబడింది. హాల్లో వాళ్ళందరికీ దాని పైన ఉండవలసిన వరస మనసులో వినబడుతూ ఉండాలి. గుమ్మంలో వాళ్ళకి నేను పాడిందే వినబడింది.

“ఇది పాటా?” అన్నాడొకడు హిందీలో. “జపం. జపం చేస్తోంది.”

“కళ్ళు కూడా మూసుకుంది చూడు.”

రాజేంద్ర భయ్యా వెనక్కి తిరిగాడు. “ప్రవీణ్, నీకు తెలుగు వచ్చు కదా. ఏమంటోంది?”

ప్రవీణ్‌కి చదవడం రాదు గానీ వినడం వచ్చు. దీపం, గుమ్మం అర్థంకాని మాటలు కావు. మా ఇంట్లో రెండు నెలలుగా రోజూ విన్నవే.

“మాలూమ్ నహీ భయ్యా,” అన్నాడు. “ఈ తెలుగు వేరే.”

నేను ఆపేశాను. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టి ఝాన్సీని స్టేషన్‌కి రమ్మన్నాడు. ఆమె కీబోర్డు మీద గుడ్డ కప్పి, దీపాలు ఆర్పమని చెప్పి జీపెక్కింది. నా వైపు చూడలేదు. చూస్తే నాకు ఇబ్బందని చూడలేదని నేను అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఝాన్సీని ఆ రాత్రికి ఇంటికి పంపారు. సోమవారం మళ్ళీ రమ్మన్నారు. ఆదివారం మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి రాజేంద్ర భయ్యా మా ఇంట్లో ఉన్నాడు. నన్ను మతం మార్చబోయారని మా ఇంట్లోవాళ్ళెవరైనా ఫిర్యాదు రాసిస్తే కేసు నిలుస్తుందని, లేకపోతే నీరుగారిపోతుందని చెప్పాడు. కేసు పడితే నర్సుకి సస్పెన్షన్ తప్పదని కూడా తనే చెప్పాడు. ఆలోచించుకోమని సోమవారం సాయంత్రం దాకా గడువిచ్చాడు. అతను గొంతు పెంచలేదు. గుమ్మం దగ్గర అత్తకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మా క్వార్టర్‌లో రెండు గదులు. మాట్లాడుకోవాలంటే పక్కకి పోయే చోటులేదు. అత్త మంచం మీద, ప్రవీణ్ గుమ్మంలో, నేను పొయ్యి దగ్గర, మా ఆయన వీటన్నిటికీ మధ్య బనీనుతో.

“నాను రాస్తే నీకే మంచిది,” అన్నాడు. “నిన్ను మాయచేసి తీసుకెళ్ళినట్టుంటాది. రాయకపోతే నువ్వే ఇష్టపడి మతం మారినట్టు.”

“మారలేదు కదా.”

“అది నాకు తెలుసు. బయటోళ్ళకి తెలియాల కదా.”

“నువ్వు రాస్తే స్టేషన్‌కెళ్ళి అబద్ధమని చెప్తాను.”

“అచ్ఛా. అప్పుడు నాను అబద్ధాలకోరుని. గవర్నమెంటు నౌకరీ చేస్తన్నాను, మరిచిపోనావా?”

“ఝాన్సీ చేస్తున్నదేమిటి?”

ప్రవీణ్ అందుకున్నాడు.

“అన్నయ్య రాయకపోతే నన్ను రాయమంటున్నారు. నేనూ రాయకపోతే రేపటి నుంచి దుకాణానికి రావద్దన్నారు. ఈ ఊళ్ళో ఇంకే టెంట్ వాడూ పెట్టుకోడు.”

“రాస్తావా?” అన్నాను.

“మేరే కో మత్ పూఛో వదినా. నన్నడక్కు.”

నాకు ఎటు నడిచినా గోడే తగిలింది. రాస్తే ఝాన్సీ పోతుంది. రాయకపోతే వీడి పని పోతుంది, గుమ్మం ముందు నినాదాలు వస్తాయి, మా ఆయన డ్యూటీకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం. నేను నిజం చెప్పాను. పాడమన్న చోట పాడి చూపించాను. అదే సాక్ష్యమైంది. చెప్పడానికి ఇంకేం మిగల్లేదు.

సోమవారం పొద్దున్న అత్త జరీ అంచు చీర కట్టుకుని ప్రవీణ్‌ని స్కూటర్ తియ్యమంది. ఎక్కడికని అడిగితే, వారమంతా ఉండే బుధవారీ బజార్‌కి అంది. ఆమె బజారు చీర అది కాదు. మధ్యాహ్నం వచ్చింది. సంచిలో నిజంగానే వంకాయలున్నాయి. వాటిని పళ్ళెంలో పోసి కత్తిపీట ముందు కూర్చుంది.

“మాటాడీసి వచ్చాను.”

“ఎవరితో?”

“ఆ రాజేంద్రతో. పేపరు మీద ఎవులూ ఏటీ రాయరు. నర్సమ్మని ఒగ్గేస్తారు.”

నేను కింద కూర్చున్నాను. “ఎలా ఒప్పుకున్నాడు?”

“నువ్వు మన రామమందిరంలో పాడతావన్నాను. శనివారం శనివారం. వంతలో కాదు, ముందు కూకొని. మైకు నీ ముందరే. నువ్వు అందిస్తే మగోళ్ళూ ఆడోళ్ళూ నీ యెనకాల పాడతారు.” వంకాయ తొడిమ తీసి పక్కన పడేసింది. “ఆడికి కేసు కంటే ఇదే బాగుంది. మొహం ఎలిగిపోనాది.”

“ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళేటి? భజనకి ఆకరుంటాదా?”

అన్నీ కుదిరాయి. మా ఆయన పడుకుని పొద్దుపోయేదాకా నిద్రపోయాడు. ప్రవీణ్ పనికి వెళ్ళాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా నేను ఒప్పుకునేదాన్నే. వంకాయలు తరుగుతున్నంతసేపూ ఆ సంగతే ఆలోచించాను.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు ఝాన్సీ బజారులో ఎదురైంది. క్యారెట్లు ఏరుతోంది. నేనూ అదే గంప దగ్గర వంగాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకున్నాం.

“ఆల్టో ఎవరు?” అన్నాను.

“ఎవరూ లేరు. కీబోర్డు మీద వాయిస్తన్నాను.”

“డ్యూటీ?”

“చేస్తన్నాను. రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, ఏటి సిస్టర్, అరెస్టయ్యావట కదా అని. ఇంజక్షన్ గట్టిగా పొడుస్తన్నాను.” చిన్నగా నవ్వింది. “నువ్వు ముందు కూకుంటన్నావట.”

“ఊ.”

“అక్కడ కూకుంటే మిగతావాళ్ళు వినబడతారా?”

“వినబడతారు. నేను పాడిందే వినబడుతుంది.”

ఆమె ఏరుతున్న చెయ్యి ఆగింది. తర్వాత క్యారెట్లు తూకంలో పడేసి సంచిలో వేసుకుంది. “పాడు,” అంది. “మానకు.” ఆసుపత్రి వైపు వెళ్ళిపోయింది.

రామమందిరంలో భజన పద్ధతి తెలిసిందే. ముందు కూర్చున్నవాళ్ళు ఒక పంక్తి పాడతారు. జనం ఆ పంక్తిని ఆ వరసలోనే తిరిగి పాడతారు. వాళ్ళు పాడేటప్పుడు ముందున్నవాళ్ళు ఊపిరి తీసుకుంటారు. ఎంతమందున్నా వరస ఒక్కటే. మొదటి శనివారం రాజేంద్ర భయ్యా నా భుజాల మీద శాలువా కప్పించి ఫొటోలు తీయించాడు. మా బహూ, మా ఇంటి కోడలు తిరిగొచ్చింది అని మైకులో చెప్పాడు. ఎక్కడికి వెళ్ళి వచ్చానో ఎవరూ అడగలేదు. జనం వచ్చారు. మా ఆయన డ్యూటీ లేకపోతే వచ్చి వెనక నిలబడేవాడు. పొరుగింటివాళ్ళు అత్తతో, నీ కోడలి గొంతు మళ్ళీ బాగైందే అన్నారు. ఊళ్ళోనే ఉన్న కుదుదండ్ పేట నుంచి ఎవరో తమ ఇంట్లో గృహప్రవేశానికి పాడమని కబురంపారు. నా బదులు రాజేంద్ర భయ్యా సరేనన్నాడు.

జనవరిలో ఒక శనివారం జనం గుడి బయటి షామియానా దాకా నిండారు. ప్రవీణ్ ఎప్పటిలాగే స్తంభం పక్కన ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. నేను ఒక పంక్తి అందించాను. జనం అందుకున్నారు. ఊపిరి తీసుకోవలసిన చోట నేను తీసుకోలేదు. వాళ్ళు నా వరస పాడుతుంటే దాని కిందికి దిగాను. ఎవరూ నేర్పలేదు. ఆ భజనకి ఆల్టో ఎవరూ కట్టలేదు. వెతుక్కుంటూ వెళ్ళాను. రెండుచోట్ల జారాను. ఒక చెవి వేలితో మూసుకుని మళ్ళీ పట్టుకున్నాను. అంతమంది ఒకవైపు, నేనొక్కదాన్నీ ఇంకోవైపు, మైకు నా దగ్గర.

ముందు వరసలో అత్త పక్కనున్న ఒకరిద్దరు తలలెత్తారు. రాజేంద్ర భయ్యా చప్పట్లు ఆపి స్పీకరు వైపు, తర్వాత ప్రవీణ్ వైపు చూశాడు. వేలు కిందికి ఆడించాడు. తగ్గించు.

ప్రవీణ్ ఆంప్లిఫయర్ మీదకి వంగాడు. వాడి చెయ్యి మీట మీద ఉంది. నేను పాడుతూనే వాడిని చూస్తున్నాను. గొంతు స్పీకర్లో తగ్గలేదు. జనం పంక్తి ముగించేదాకా అది అలాగే వినబడింది. తర్వాత నా వంతు. తర్వాతి పంక్తి అందించాను. వాళ్ళు అందుకున్నారు. నేను మళ్ళీ కిందికి దిగాను.

మంగళహారతి అయ్యాక రాజేంద్ర భయ్యా వచ్చాడు. చెయ్యి జోడించాడు.

“మాఫ్ చెయ్యండి భాభీ. మైకులో ఏదో పడింది. రెండు గొంతులు వచ్చాయి. వచ్చే శనివారానికి కొత్త సెట్టు తెప్పిస్తాను.”

“సెట్టులో ఏమీ లేదు భయ్యా,” అన్నాడు ప్రవీణ్ హిందీలో. వైరు చుడుతున్నాడు. తలెత్తలేదు. “అది పాటే.”

రాజేంద్ర భయ్యా వాడిని చూశాడు. నన్ను చూశాడు. ప్రసాదం పొట్లాలు పంచేవాళ్ళు పిలిస్తే అటు వెళ్ళాడు. వెళ్తూ వెనక్కి తిరిగి, “వచ్చే శనివారం త్వరగా రండి భాభీ, జనం ఎక్కువ,” అన్నాడు.

“వస్తాది,” అంది అత్త.